స్క్రిప్టు మినిఫై చేసి ఇవ్వాలా, రాసింది రాసినట్టే ఇవ్వాలా?

గుణుపురం కుర్రాడు:
కిరాణా కొట్ల బాకీలు రాసుకోవడానికి చిన్న వెబ్ పేజీ తయారుచేశాను. తెలుగు, ఒడియా రెండింట్లోనూ నడుస్తుంది. ఇప్పుడు రాయగడ, పర్లాకిమిడి కొట్లవాళ్లూ అడుగుతున్నారు. ఇచ్చేముందు జావాస్క్రిప్టును మినిఫై చెయ్యమని, అంటే ఖాళీలూ కామెంట్లూ (కోడ్ మధ్య రాసుకునే వివరణలు) తీసేసి పేర్లు పొట్టిచేసి ఫైలు చిన్నది చెయ్యమని కొందరు, సర్వరు ఎలాగూ జిజిప్ చేస్తుంది (పంపేటప్పుడు ఫైలును కుదిస్తుంది) కదా, అనవసరమని కొందరు. మీరేమంటారు?

పర్లాకిమిడి మాస్టారు:
చెయ్యాలి బాబూ. జేక్వెరీ 3.7.1 అనే జావాస్క్రిప్టు లైబ్రరీ (అందరూ వాడుకునేలా రాసిపెట్టిన కోడ్) చూడు. మామూలు ఫైలు 285 కేబీ, మినిఫై చేసింది 87 కేబీ, దాన్ని జిజిప్ చేస్తే సుమారు 30. జిజిప్ పదేపదే వచ్చే మాటల్ని బాగానే కుదిస్తుంది గానీ, నువ్వు రాసుకున్న కామెంట్లను పారెయ్యదు, వాటినీ మోసుకెళ్తుంది. కొండ మీద ఊళ్లలో సిగ్నల్ ఒక గీతకు దిగిపోయినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

రాయగడ:
నేను ఒప్పుకోను మాస్టారూ. మాలాంటి వాళ్లం బ్రౌజర్లో పేజీ కోడ్ చూపించే వ్యూ సోర్స్ నొక్కి, ఎవరో రాసిన కోడ్ చదివి నేర్చుకున్నవాళ్లం. మొత్తం బాకీ అని ఉన్న పేరు కాస్తా 'టీ' అయిపోతే తర్వాతి పిల్లాడు ఏం చదువుతాడు? పైగా కొట్టాయన పంపే ఎర్రర్ ఫొటోలో "లైను 1, అక్షరం 48,213" అని ఉంటుంది. ఫైలంతా ఒకటే లైను. ఎక్కడని వెతకాలి?

పర్లాకిమిడి మాస్టారు:
దానికి సోర్స్ మ్యాప్ ఉంది, మినిఫై చేసిన కోడ్‌లో ఏది మూలంలో ఎక్కడుందో చెప్పే ఫైలు. పక్కన పెట్టుకుంటే బ్రౌజర్ డెవలపర్ టూల్స్ అసలు లైనూ అసలు పేరూ చూపిస్తాయి. కొట్టాయన ఫోనులో అది దిగదు కాబట్టి బరువూ ఉండదు.

బరంపురం నుంచి:
ఒక మాట ఎవరూ అనలేదు. ఈఎస్‌బిల్డ్ అనే మినిఫై సాధనం వాడితే జాగ్రత్త. చెప్పకపోతే అది ఇంగ్లిష్ కాని అక్షరాలన్నిటినీ యూనికోడ్ సంకేతాలుగా రాసేస్తుంది. 'బాకీ' యూటీఎఫ్-8లో (అక్షరాలను మామూలుగా ఫైల్లో దాచే పద్ధతి) 12 బైట్లు, సంకేతాలుగా 24. ఒడియా అక్షరాలకీ ఇంతే. తగ్గిద్దామని మొదలెట్టి మన భాషల మాటల్నే రెట్టింపు చేసుకుంటాం! చార్‌సెట్ యూటీఎఫ్8 అని ఆప్షన్ ఇవ్వండి, పేజీ పైన మెటా ట్యాగులో కూడా అదే రాయండి. టెర్సర్ అనే ఇంకో సాధనంతో ఈ బాధ లేదు, ఉన్నవి ఉన్నట్టే ఉంచుతుంది.

గుణుపురం కుర్రాడు:
ఇది నాకు తెలీదు, చాలా ఉపయోగం. మరి మినిఫై చేస్తే కోడ్ ఎవరూ కాపీ కొట్టరంటారు, నిజమేనా?

రాయగడ:
కాదు తమ్ముడూ. బ్రౌజర్లో ఒక్క బటన్‌తో మళ్లీ వరసలుగా విడిపోతుంది. పేర్లు పోతాయి, లెక్క మాత్రం కనబడుతూనే ఉంటుంది. ఇంకొకటి, జీపీఎల్ (మూల కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్సు) కింద ఉన్న లైబ్రరీ ఏదైనా కలిపావా? ఆ లైసెన్సు లెక్కలో సోర్స్ అంటే మార్పులు చేసుకోవడానికి అనువైన రూపం. మినిఫై చేసిన ఫైలొక్కటే ఇస్తే చెల్లదు.

పర్లాకిమిడి మాస్టారు:
అది నిజం. మూలం కూడా ఇవ్వాల్సిందే, నేను వద్దనలేదు. లైసెన్సు కామెంటును స్లాష్, నక్షత్రం, ఆశ్చర్యార్థకంతో మొదలుపెట్టు, మినిఫై చేసే సాధనాలు సాధారణంగా దాన్ని తీసెయ్యకుండా ఉంచుతాయి.

రాయగడ:
అలాగైతే సర్వర్లో ఉన్నదానికి మినిఫై సరే. కానీ సగం కొట్లవాళ్లు బ్లూటూత్‌లో తీసుకుని ఫోన్‌లోంచే తెరుస్తున్నారు. అక్కడ ప్రతిసారీ డౌన్‌లోడ్ లేదు, మిగిలేదీ లేదు. వాళ్లకు మాత్రం మూలమే ఇవ్వు. ఆ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే తెరిచి చూస్తారు.