పాత అంబాసిడర్ బానెట్ కింద భాగాన్ని కార్ షోకి ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న, వరంగల్ నుంచి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1973 అంబాసిడర్ మార్క్ 2 మా దగ్గరే ఉంది. ఇంజన్ ఒరిజినలే, 1489 సీసీ పెట్రోల్. బయట పెయింటు, సీట్లు నిరుడు చేయించాను, బాగా వచ్చాయి. ఇంకో ఆరు వారాల్లో హైదరాబాద్‌లో పాత కార్ల ప్రదర్శనకి తీసుకెళ్దామని ఉంది. అక్కడ బానెట్ ఎత్తి చూస్తారట. నా బండి బానెట్ ఎత్తితే నాకే మనసు చివుక్కుమంటుంది: ఇంజన్ నిండా జిడ్డు, బ్యాటరీ కింద రేకు తుప్పు, వైర్లకి నాలుగు రంగుల టేపులు. మా మెకానిక్ రాకర్ కవర్‌కీ (ఇంజన్ పైనుండే రేకు మూత) ఎయిర్ క్లీనర్‌కీ క్రోమ్ వేయించి ఇంజన్‌కి ఎర్ర పెయింటు కొడదామంటున్నాడు. చేయించమంటారా? ఇంజన్ దించకుండా పని అవుతుందా?

జవాబు, సికింద్రాబాద్ నుంచి:

తమ్ముడూ, క్రోమ్ వద్దు, ఎర్ర రంగు అసలే వద్దు. ఒరిజినల్ విభాగంలో పెట్టే బండికి జడ్జి చూసేది మెరుపు కాదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో అలా ఉందా లేదా అన్నదే. మన దగ్గర చాలా అంబాసిడర్లకి ఎప్పుడో డీజిల్ ఇంజన్లు వేయించేశారు. నీ దగ్గర పుట్టినప్పటి ఇంజనే ఉందంటే అదే పెద్ద ఆస్తి. ఇంకో మాట, 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేని బండ్లకే వీఏ సిరీస్, అంటే వీఏ అక్షరాలుండే ప్రత్యేక నంబరు, ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. నీ బండి వయసు సరిపోతుంది కాబట్టి రేపు దానికి వెళ్లాలన్నా ఇంజన్ జోలికి పోకుండా ఉండటమే మంచిది.

ఇంజన్ దించక్కర్లేదు, ఆరు వారాలు చాలు. కానీ ముందు ఆయిల్ కారడం ఆపు, పెయింటు సంగతి తర్వాత. ఈ ఇంజన్లో ఎక్కువగా రెండు చోట్ల కారుతుంది. పైన రాకర్ కవర్ కింద కార్క్ ప్యాకింగ్ ఎండిపోయి ఒకటి, పక్కన మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి, బయటికి పొగ వెళ్లే గొట్టాలు) కింద దాక్కుని ఉండే టాపెట్ కవర్ల (బ్లాకు పక్కనుండే రేకు మూతలు) నుంచి ఇంకొకటి. ఆ రెండోదాన్ని ఎవరూ వంగి చూడరు, బ్లాకు మీద జిడ్డంతా పై నుంచే వచ్చిందనుకుంటారు. ప్యాకింగులు మార్చాక రాకర్ కవర్ పైనున్న రెండు నట్లనీ బలంగా బిగించకు. బిగించేకొద్దీ రేకు వంగి అంచుల్లో ఇంకా ఎక్కువ కారుతుంది. కవర్ విప్పినప్పుడే బల్లపరుపు చెక్క మీద బోర్లించి చూడు, వంగి ఉంటే అప్పుడే సరిచేయించు.

కడిగేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి, మహా అయితే గోరువెచ్చగా. వేడి మీద చన్నీళ్లు పోస్తే పోత ఇనుము చిట్లే ప్రమాదం ఉంది. బ్యాటరీ తీసేయ్. డిస్ట్రిబ్యూటర్, డైనమో (బ్యాటరీని చార్జ్ చేసేది), కాయిల్, కార్బొరేటర్ మూతి, వీటన్నిటికీ పాలిథిన్ కవర్లు కట్టు. కిరోసిన్‌తో పెయింట్ బ్రష్ పట్టుకుని ఓపిగ్గా రుద్దు, గట్టిపడిన మడ్డిని చెక్క పుల్లతో గీకు, ఆ తర్వాత సబ్బు నీళ్లు. కిరోసిన్ రబ్బరు గొట్టాల మీద నిలవకుండా తుడిచెయ్. చుట్టుపక్కల బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. ప్రెషర్ గన్ వాడొద్దు, ఆ నీళ్లు డైనమోలోకి వెళ్తే తర్వాత నెల రోజుల తలనొప్పి. కాస్టిక్ సోడా కలిపిన మందు ఎవరిచ్చినా తీసుకోకు, అల్యూమినియంని తినేస్తుంది, నల్లగా మరకలు పడతాయి.

ఇక రంగు. మొదటి రంగు ఏదో బండే చెబుతుంది. డైనమో బ్రాకెట్ విప్పి దాని వెనక బ్లాకుని గోటితో గీకి చూడు. యాభై ఏళ్ల జిడ్డు కింద అసలు పెయింటు ఇంకా అతుక్కుని ఉంటుంది. నాది అలాగే దొరికింది, అర్ధరూపాయి బిళ్లంత ముక్క. దాన్ని పెయింట్ షాపుకి తీసుకెళ్లి అదే షేడ్ కలిపించుకున్నా. ఇంజన్ నంబరు గుద్దిన చోట మాత్రం ఎమ్రీ పేపర్ పెట్టకు, మందంగా పెయింటూ పూయకు. నంబరు స్పష్టంగా కనబడాలి. అది షో కోసమే కాదు, ఆర్టీవో దగ్గర కూడా.

వరంగల్:

చాలా థ్యాంక్స్ అన్నా. మెకానిక్‌కి చెప్పాను, మొదట ఒప్పుకోలేదు కానీ బ్రాకెట్ వెనక రంగు చూపించాక సరే అన్నాడు. పెయింటు ఏది కొనాలి? మామూలు స్ప్రే డబ్బా సరిపోదా? బోల్టులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి, కొత్తవి కొనేయనా?

జవాబు, విజయవాడ నుంచి:

తమ్ముడూ, మామూలు డబ్బా అయితే వేడికి పొక్కులు లేస్తుంది. బ్లాకుకీ రాకర్ కవర్‌కీ ఇంజన్ ఎనామిల్ అని అడుగు, దాదాపు 250 డిగ్రీల దాకా ఆగుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి అదీ చాలదు, 600 డిగ్రీలు తట్టుకునే హై హీట్ పెయింటు విడిగా దొరుకుతుంది. అది కొట్టాక డబ్బా మీద రాసినట్టు కొంచెం సేపు నడిపి ఆపి, చల్లారాక మళ్లీ నడపాలి, అప్పుడే గట్టిపడుతుంది. మొదటిసారి పొగ, వాసన వస్తాయి, టెన్షన్ పడకు. కొట్టే ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి తెల్ల గుడ్డతో మళ్లీ తుడువు. ఆ గుడ్డ తెల్లగానే ఉంటే డబ్బా పట్టుకో.

బోల్టులు పారేయకు. ఇవి అంగుళాల మరలు, షాపువాడిచ్చే మిల్లీమీటర్ బోల్టు బలవంతంగా ఎక్కిస్తే బ్లాకులో మర పోతుంది. పైగా పాత బోల్టు తల మీద ఉండే గుర్తులు కొత్తవాటికి రావు. వైర్ బ్రష్ కొట్టి జింకు ప్లేటింగ్‌కి ఇవ్వు, మా ఆటోనగర్లోనూ హైదరాబాద్ బాలానగర్లోనూ చేస్తారు. నేను మొదటిసారి సంచిలో వేసి ఇచ్చేశాను, వేరేవాళ్ల సరుకుతో కలిసిపోయి నాలుగు తక్కువ వచ్చాయి. వాటర్ పంపు బోల్టు ఒకటి దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఒక్కొక్కటీ ఇనుప తీగకి గుచ్చి, లెక్కపెట్టి, గళ్ల కాగితం మీద పరిచి ఫొటో తీసి ఇస్తున్నా. బ్రేకులు, స్టీరింగ్ బోల్టులు మాత్రం ప్లేటింగ్‌కి పంపొద్దు. గట్టి ఉక్కు ఆ ఆసిడ్ తొట్టిలో మునిగితే లోపల పెళుసుబారి తర్వాత ఉన్నట్టుండి తెగిపోవచ్చు. సిలిండర్ హెడ్ నట్లయితే విప్పనే వద్దు, ఉన్నచోటే బ్రష్‌తో శుభ్రం చెయ్.

బ్యాటరీ కింద రేకు మీద తెల్లటి పొడి ఉంటే అది బ్యాటరీ ఆసిడ్ వల్ల పట్టిందే. వంటసోడా నీళ్లు పోసి బుడగలు ఆగేదాకా ఉంచి కడుగు. తర్వాతే తుప్పు గీకడం, ప్రైమర్, రంగు. నేరుగా పెయింటు కొడితే ఏడాది తిరక్కుండా కింద నుంచి మళ్లీ లేస్తుంది.

జవాబు, కాకినాడ నుంచి:

నేను ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను, వైర్ల సంగతి నేను చెబుతా. ముందు బ్యాటరీకి ఎర్త్ ప్లస్సా మైనసా చూసి ఫొటో తీసుకోండి, పాత బండ్లలో రెండూ కనబడతాయి. తిప్పి పెడితే కటౌట్ (డైనమో చార్జింగ్‌ని కలిపి, ఆపే పెట్టె), డైనమో పోవచ్చు. రంగురంగుల టేపులన్నీ విప్పేసి, పగిలిన వైరు ఉంటే అదే రంగు వైరుతో మార్చండి. పైన నల్ల టేపు చుట్టేటప్పుడు గమ్ లేని రకం తీసుకుని చివర్లలో మాత్రమే గమ్ టేపు వేయండి. గమ్ టేపు నిండా చుడితే మన ఎండలకి కరిగి దుమ్మంతా పట్టుకుంటుంది. అందంగా కనబడాలని వైర్లని మానిఫోల్డ్ వెనకకి తోయకండి. అలా చేసిన బండిని నేను కాలిపోయాక చూశాను.

జవాబు, డల్లాస్ నుంచి:

ఇక్కడి షోల్లో వైర్లన్నీ దాచేసి, ఇంజన్ చుట్టూ రేకులు నున్నగా చేసి పెట్టే బండ్లు చాలా చూస్తాను, చూడముచ్చటగానే ఉంటాయి. కానీ అవి మాడిఫైడ్ విభాగంలో నిలబడతాయి. మీది అక్కడ పెట్టే బండి కాదు. నా సలహా ఒక్కటే, రబ్బరు గొట్టాలకి నూనెలా మెరిసే స్ప్రే కొట్టకండి. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు, చేరేసరికి దుమ్ము మొత్తం దానికే అంటుకుని ఉంటుంది. నీళ్లతో చేసిన డ్రెస్సింగ్ దొరికితే అది రాసి పొడి గుడ్డతో తుడవండి. మైక్రోఫైబర్ గుడ్డలు, చెవి పుల్లలు, చిన్న బ్రష్ డిక్కీలో పెట్టుకోండి, అక్కడికి వెళ్లాక అరగంట పని ఉంటుంది.

వరంగల్:

నాలుగు వారాలైంది, ఎంత మారిందో నమ్మలేకపోతున్నా. టాపెట్ కవర్ల నుంచే కారేది, అన్న చెప్పకపోతే పట్టుకునేవాణ్ణి కాదు. నాన్నగారు కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కో బోల్టూ ఆయనే తుడిచి ఇచ్చారు. రేడియేటర్ కూడా నల్లగా కొట్టేయమంటారా? ఇంకో సందేహం, నిన్న పాతిక కిలోమీటర్లు తిప్పి కింద పేపర్ పరిచాను. ముందంతా పొడిగా ఉంది కానీ గేర్‌బాక్స్ మొదలయ్యే చోట రాత్రికి రెండు చుక్కలు పడ్డాయి.

సికింద్రాబాద్:

రేడియేటర్‌కి పల్చగా ఒక్క కోటు, అంతే. మందంగా కొడితే రెక్కల సందులు మూసుకుపోయి వేడి పోదు. ఆ చుక్కలు క్రాంక్ షాఫ్ట్ వెనక నుంచి వచ్చే ఆయిల్ అయి ఉంటుంది. పాత 1489 ఇంజన్లో అక్కడ రబ్బరు సీల్ ఉండదు, షాఫ్ట్ తిరిగేటప్పుడు దాని మీద చెక్కిన మర ఆయిల్‌ని మళ్లీ ఇంజన్ లోపలికి తోస్తుంది. అందుకే ఆపి ఉంచినప్పుడు కొంచెం కారుతుంది, క్లచ్ హౌసింగ్ అడుగున ఉన్న రంధ్రంలోంచి కింద పడుతుంది. రాత్రికి రెండు చుక్కలంటే ఆ ఇంజన్‌కి ఆరోగ్యమే. దానికోసం ఇప్పుడు గేర్‌బాక్స్ దించకు. ఆయిల్ గుర్తు దాటి ఎక్కువ పోశారేమో గేజ్ పుల్ల తీసి చూడు, ఎక్కువుంటే తగ్గించు. షో దగ్గర బండి నిలిపాక కింద ఒక రేకు ట్రే పెట్టు.