అమ్మ, చిన్నమ్మ ఉమ్రా నుంచి ఇద్దరే తిరిగొస్తున్నరు, జిద్దా ఎయిర్‌పోర్టుల ఎట్ల చేయాలె?

నర్సంపేట బిడ్డ:
అందరికీ సలాం, నమస్తే. మా అమ్మ, చిన్నమ్మ ఉమ్రాకు పోయిన్రు. మదీనా జియారత్ అయిపోయింది, ఇప్పుడు మక్కాల ఉన్నరు. వచ్చే వారం జిద్దా నుంచి శంషాబాద్‌కు డైరెక్ట్ ఫ్లైట్. పోయేటప్పుడు గ్రూపుతోని పోయిన్రు కాబట్టి ఫికర్ లేకుండె. ఇప్పుడేమో గ్రూపులో మిగిలినోళ్ళది వేరే ఫ్లైట్. తీస్కపోయినాయన ఇంకో బ్యాచ్ వస్తుందని అక్కడే ఉంటడట. బండిల ఎయిర్‌పోర్టు దాకా పంపిస్త, ఆ తర్వాత మీరే పోవాలె అన్నడట.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ దూరం నడవలేదు. పైగా ఏండ్ల తరబడి బీడీలు చేసిన చేతులు. ఇక్కడ రేషన్ దుకాణంలనే వేలిముద్ర పడది, అక్కడ దిగినప్పుడు కూడా చానాసేపు ఆపిన్రట. ఇద్దరికీ తెలుగు చదవొస్తది, ఉర్దూ మాట్లాడొస్తది, ఇంగ్లిష్ రాదు. మక్కా జమ్‌జమ్ బాయి నీళ్ళు సూట్‌కేసుల పెట్టుకొస్తమంటున్నరు, అది నడుస్తదా? తెలిసినోళ్ళు దయచేసి చెప్పున్రి, నాకు నిద్ర పడుతలేదు.

జగిత్యాల అన్న:
చెల్లె, నేను జిద్దా ఎయిర్‌పోర్టుల వీల్‌చైర్లు తోసే పని చేసిన. మనోళ్ళ పెద్దమనుషులను ఎంతోమందిని కౌంటర్ నుంచి గేటు దాకా తీస్కపోయిన. మాది ముస్లింల ఇల్లు కాదు గని, తెలుగు మాట వినపడంగనే వాళ్ళ మొఖాలల్ల భయం పోయేది, అది నాకు యాదికుంది. అందుకే వివరంగ రాస్తున్న.

ముందుగాల టెర్మినల్ సంగతి. జిద్దాల ఒక్క టెర్మినల్ లేదు. కొత్తది టెర్మినల్ వన్, ఇంకోటి నార్త్ టెర్మినల్, హజ్ టెర్మినల్ వేరే. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి పోలేం, బండెక్కాలె. డ్రైవర్ తప్పు తలుపు కాడ దింపి పోయిండంటే మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అంతకంటె కష్టం లేదు. టికెట్ మీద ఏ టెర్మినల్ రాసుందో నువ్వు చూసి, ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి ఖాయం చేస్కో. ఒక కాగితం మీద పెద్దక్షరాలల్ల ఇంగ్లిష్‌ల ఫ్లైట్ నంబర్, టెర్మినల్, హైదరాబాద్ అని రాసి ఫొటో పంపు, అక్కడ హోటల్‌ల ప్రింట్ తీయించుకుంటరు. బండి ఎక్కకముందే డ్రైవర్‌కు ఆ కాగితం చూపియ్యాలె.

రెండోది వీల్‌చైర్. ఎయిర్‌పోర్టుకు పోయినంక అడుగుదాం అనుకోవద్దు. కనీసం రెండు రోజుల ముందు ఎయిర్‌లైన్‌కు చెప్పి టికెట్‌ల ఎక్కించాలె, పైసలు తీస్కోరు. టికెట్‌ల డబ్ల్యూసీహెచ్‌ఆర్ అని వస్తే విమానం మెట్లు ఎక్కగలదు, దూరం నడవలేదు అని లెక్క. మెట్లు కూడా ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్‌ఎస్ అని పెట్టించు. చాలామంది మొదటిదే పెట్టిస్తరు, ఆడికి పోయినంక బస్సు నుంచి మెట్లెక్కాల్సి వస్తే ఏడుస్తరు. అమ్మనే అడిగి నిర్ణయం చెయ్.

వీల్‌చైర్ దొరికినంక కూడా ఒకటి మనసుల పెట్టుకోవాలె. తోసే పిల్లగాడు ఒక్కరినే చూస్తుండడు. కొందరిని ఒక జాగల కూసోబెట్టి, ఒక్కొక్కరిని గేటుకు చేరుస్తడు. మధ్యల గంట కూసోవాల్సి రావొచ్చు. మర్చిపోయిన్రేమో అని మనోళ్ళు లేచి ఎటో పోతరు, ఇగ వాళ్ళను వెతకాలె. కూసోబెట్టిన కాడనే ఉండాలె, చిన్నమ్మ పక్కనే నిలబడాలె. బాత్రూంకు ముందే పోయి రావాలె. ఆ పనిల ఉండేది ఎక్కువగ బంగ్లాదేశోళ్ళు, పాకిస్తానోళ్ళు, మనోళ్ళు. ఉర్దూల అడిగితే సరిపోతది, భయపడొద్దు.

వేలిముద్రల గురించి రంది పెట్టుకోకు. ఒక వేలు పడకపోతే ఇంకోటి పెట్టమంటరు, అది కాకపోతే పెద్దాఫీసర్ కాడికి పంపుతరు. చేతులు కడిగి, కొంచెం వాజిలిన్ రాసి, బాగ తుడుచుకొని పొమ్మను. ఎండిపోయిన వేళ్ళు మిషన్‌కు అందవు. మా అమ్మ కూడా బీడీలు చేసిందే, అందుకే తెలుసు.

హన్మకొండ షాహీన్:
జమ్‌జమ్ గురించి నేను చెప్త. సూట్‌కేసుల అస్సలు పెట్టొద్దు, స్కానింగ్‌ల పట్టుకొని సామాను మొత్తం విప్పిస్తరు. ఎయిర్‌పోర్టుల అమ్మే ఐదు లీటర్ల సీలు డబ్బా ఒక్కటే పంపుతరు, మనిషికొకటి. బోర్డింగ్ పాస్ ఇచ్చేటప్పుడే దానికి ట్యాగ్ వేయించుకోవాలె. డబ్బాలన్నీ ఒక్క తీరుగ ఉంటయి కాబట్టి మార్కర్‌తోని తెలుగుల పేరు రాయమను. శంషాబాద్‌ల బెల్టు మీద వందల డబ్బాలు వస్తయి, తెలుగక్షరాలు దూరం నుంచే కనపడుతయి.

ఇంకో మాట, బీపీ షుగర్ గోలీలు చేతి సంచిల ఉండాలె, డాక్టర్ చీటీతో సహా. అత్తరు సీసాలు పెద్దయి ఉంటే సూట్‌కేసుల వేయాలె, వంద మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిల పోనియ్యరు. పవర్ బ్యాంక్ మాత్రం ఉల్టా, చేతి సంచిలనే ఉండాలె. నఖాబ్ తీయాల్సి వస్తే లేడీ ఆఫీసర్లే చూస్తరు, అమ్మోళ్ళకు అది ముందే చెప్పు, ధైర్యంగ ఉంటది.

నర్సంపేట బిడ్డ:
షాహీనక్కా, అన్నా, మీకు ఎట్ల కృతజ్ఞత చెప్పాల్నో తెలుస్తలేదు. టికెట్ చూస్తే వీల్‌చైర్ లేనే లేదు, ఫోన్ చేసి ఇప్పుడే పెట్టించిన. ఇంకో రెండు అడుగుత. చిన్నమ్మ జానమాజులు (నమాజ్ చేసే చాపలు), దుప్పట్లు కొని చెద్దరుల మూట కట్టింది. బిడ్డ పెళ్ళి ఉంది కాబట్టి అక్కడ బంగారం గొలుసు కూడా కొందామంటుంది.

జగిత్యాల అన్న:
మూట వద్దు చెల్లె. బట్టల చుట్టి తాడు కట్టిన సామాను జిద్దాల తీస్కోరు, కౌంటర్ కాడనే ఆపుతరు. అక్కడ బజార్ల చవక సూట్‌కేస్ దొరుకుతది, అండ్ల సర్దుమను. సామాను బరువు కూడా హోటల్‌ల ఉన్నప్పుడే తూకం వేయించుకోవాలె. కౌంటర్ కాడ ఖర్జూరాల డబ్బాలు బయటికి తీసి పంచిపెట్టినోళ్ళను చూసిన, పాణం ఉసూరుమంటది.

హన్మకొండ షాహీన్:
బంగారానికి కస్టమ్స్‌ల ఇచ్చే మినహాయింపు బయట దేశంల ఏడాదికి మించి ఉన్నోళ్ళకే. ఉమ్రాకు పోయొచ్చేటోళ్ళకు రాదు. కొంటే బిల్లు పెట్టుకొని రెడ్ ఛానెల్‌ల చెప్పి సుంకం కట్టాలె. దాని బదులు వరంగల్‌ల కొనుడే నయం.

జగిత్యాల అన్న:
ఫ్లైట్ టైం ఎప్పుడు? అదొక్కటి చెప్పు.

నర్సంపేట బిడ్డ:
గురువారం రాత్రి 1:40కి అన్నా. గురువారం మధ్యాహ్నం నమాజ్ అయినంక మక్కా నుంచి బండి పంపిస్తనన్నడు.

జగిత్యాల అన్న:
ఆగు. టికెట్ మీద గురువారం 01:40 అని ఉందా? ఉంటే అది బుధవారం అర్ధరాత్రి దాటినంక వచ్చే 1:40. గురువారం మధ్యాహ్నం బండెక్కితే ఫ్లైట్ పోయి పన్నెండు గంటలు అయితది. బుధవారం మగ్రిబ్ (పొద్దుగూకినంక చేసే నమాజ్) కల్లా మక్కాల బండెక్కాలె. వీల్‌చైర్ ఉంది కాబట్టి కౌంటర్ కాడ నాలుగు గంటల ముందే ఉండాలె. ఇప్పుడే ఆయనకు ఫోన్ చెయ్, టికెట్ ఫొటో పంపి బుధవారం అని రాత కోతల ఒప్పించు.

నర్సంపేట బిడ్డ:
చూసిన అన్నా, గురువారం 01:40 అనే ఉంది. చేతులు వణుకుతున్నయి. ఫోన్ చేసిన, ఆయన కూడా టికెట్ చూసి బుధవారం సాయంత్రం బండి అని మెసేజ్ పెట్టిండు. అమ్మకు కూడా చెప్పిన. మరి మేము శంషాబాద్‌కు ఎప్పుడు రావాలె?

జగిత్యాల అన్న:
మన టైం అక్కడికంటె రెండున్నర గంటలు ముందుంటది, ప్రయాణం ఐదు గంటల పైన. అంటే గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు అటు ఇటు దిగుతది. ఇమిగ్రేషన్, సామాను, డబ్బాలు అయ్యేసరికి ఇంకో గంట, గంటన్నర. నర్సంపేటల తెల్లారగట్ల నాలుగున్నరకు బయల్దేరి జనగామ మీదికెళ్ళి ఘట్‌కేసర్ కాడ ఔటర్ ఎక్కితే నిమ్మళంగ చేరుతరు. అమ్మ ఫోన్‌ల మన సిమ్ముకు ఇయ్యాల్నే రీఛార్జ్ చేయించు, దిగంగనే పని చేయాలె. లోపలికి మిమ్మల్ని రానియ్యరు, అరైవల్స్ తలుపు బయటనే నిలబడున్రి. వీల్‌చైర్ తోసే మనిషి అక్కడి దాకా తెచ్చి అప్పజెప్తడు.