అండమాన్‌లో చిన్న బోటు ట్రిప్: అమ్మకి మోకాళ్ల నొప్పి, బాబుకి ఏడేళ్లు. జాలీ బోయ్ వెళ్లాలా, ఇంకేదైనానా?

కొత్తపేట కుర్రోడు

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి రెండో వారంలో హైదరాబాద్ నుంచి అండమాన్ వెళ్తున్నాం. ఆరుగురం. నేను, మా ఆవిడ, ఏడేళ్ల బాబు, అమ్మ (62 ఏళ్లు, మోకాళ్ల నొప్పి), అక్క, బావ. విమానం టికెట్లు అయిపోయాయి, హోటళ్లూ అయిపోయాయి. మిగిలింది ఒక్కటే. ఒక రోజంతా బోటు మీద ఏదో ఒక దీవికి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. వంద మందితో జాతరలా కాకుండా, ఎనిమిది పది మంది ఉండే చిన్న బోటైతే బాగుంటుందని మా ఆవిడ కోరిక. అమ్మకి సముద్రం అంటే భీమిలి ఒడ్డున కాళ్లు తడుపుకోవడమే, ఈత రాదు. ఏజెంటు జాలీ బోయ్ దీవి అంటాడు, ఇంకొకాయన హేవ్‌లాక్ దీవిలోని ఎలిఫెంట్ బీచ్ అంటాడు. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ఫొటోలు చూసి చూసి విసుగొచ్చింది.

ఉప్పుగాలి

జాలీ బోయ్ మేం రెండేళ్ల కిందట వెళ్లాం. ముందుగా తెలుసుకోవాల్సింది, అది చిన్న బోటు ట్రిప్ కాదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూర్ దాకా ముప్ఫై కిలోమీటర్లు కారులో, అక్కడి జెట్టీలో పొద్దున్నే పెద్ద బోటు ఎక్కాలి. మడ అడవుల మధ్య నుంచి గంట సేపు ప్రయాణం. అదైతే చాలా బాగుంటుంది, నీళ్లు కదలవు, కడుపులో తిప్పదు. దీవి దగ్గర జెట్టీ లేదు. పెద్ద బోటు ఆగిపోతే, అక్కడి నుంచి చిన్న గ్లాస్ బాటమ్ (అడుగున అద్దం ఉండే) బోటులోకి మారి ఒడ్డుకి చేరాలి. ఆ మారడం దగ్గరే మీ అమ్మగారికి కష్టం. ఒక బోటు లేస్తుంటే ఇంకోటి దిగుతుంటుంది.

ప్లాస్టిక్ విషయంలో చాలా గట్టిగా ఉంటారు. వాటర్ బాటిల్, చిప్స్ ప్యాకెట్, కవర్ ఏదీ తీసుకెళ్లనివ్వరు, సంచీ విప్పి చూస్తారు. స్టీల్ సీసాలు పట్టుకెళ్లండి. దీవిలో కొట్లు లేవు, తిండి మనదే.

సిక్కోలు జంగ్లీఘాట్

తమ్ముడూ, నేను ఇక్కడే ఉంటాను. మా నాన్న శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చారు. విశాఖ నుంచి ఇప్పటికీ ఓడ నడుస్తోంది, రెండున్నర మూడు రోజుల ప్రయాణం. ఇక్కడ చేపల వేటలో ఉన్నవాళ్లలో చాలామంది మనవాళ్లే. జెట్టీలో నిలబడి గట్టిగా తెలుగులో మాట్లాడు, నలుగురు వెనక్కి తిరిగి చూస్తారు. కాబట్టి భాష గురించి టెన్షన్ వద్దు.

జాలీ బోయ్ ఏడాది పొడుగునా తెరిచి ఉండదు. నవంబర్ నుంచి మే మధ్య దాకా జాలీ బోయ్, వానాకాలం నెలల్లో రెడ్ స్కిన్. ఒకటి తెరిస్తే రెండోది మూస్తారు, పగడాలకి కాస్త ఊపిరి దొరకాలని. రెండూ మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులోవే, అది 1983లో వచ్చింది, పదిహేను దీవులు. ఫారెస్ట్ వాళ్ల పర్మిట్ ముందే తీసుకోవాలి, రోజుకి ఇంతమందే అని లెక్క ఉంటుంది, ఆధార్ దగ్గర పెట్టుకో. సోమవారం సెలవు. పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న రాస్ ఐలాండ్‌కి బుధవారం సెలవు. ఇవి చూసుకోకుండా ప్లాన్ వేసుకుని జెట్టీ దగ్గర తల పట్టుకున్నవాళ్లని ప్రతి సీజన్లోనూ చూస్తాను.

పేర్లు మారాయి, కంగారు పడకు. హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ ఇప్పుడు షహీద్ ద్వీప్, రాస్‌కి నేతాజీ పేరు పెట్టారు. ఇవి 2018లో. 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయ పురం అయింది. టికెట్ మీద ఒకటి ఉంటుంది, ఆటోవాడి నోట ఇంకొకటి ఉంటుంది.

మిరపకాయ బజ్జీ

ఎలిఫెంట్ బీచ్ గురించి నేను చెబుతా, ఎందుకంటే నాకు బాగా కాలింది. హేవ్‌లాక్ జెట్టీ నుంచి స్పీడ్ బోటులో అరగంట లోపే. ముందు రోజు హోటల్ కింద కూర్చున్న ఒకతను "సార్, ఎనిమిది మందే, మీ ఫ్యామిలీ, ఇంకో జంట, అంతే" అని అడ్వాన్స్ తీసుకున్నాడు. పొద్దున వెళ్తే బోటులో పద్నాలుగు మంది. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టా, పదకొండు. నేను ఎక్కనన్నాను. అతను "ఏం కాదు సార్, ఇరవై నిమిషాలే" అన్నాడు. గొడవైంది. మిగతావాళ్లు నా వైపు విసుగ్గా చూశారు, నా వల్ల ఆలస్యమవుతోందని. చివరికి ముగ్గురిని వేరే బోటులోకి మార్చారు. అడ్వాన్స్ రసీదు అడిగితే నవ్వాడు. పేరు చెప్పను, ఇప్పుడు ఆ పేరుతో ఉన్నాడో లేడో కూడా తెలియదు.

బీచ్ మాత్రం అద్భుతం. తల ముంచిన పది అడుగుల్లోనే చేపలు.

గోదారి గట్టు

బజ్జీ గారూ, మీరు చేసింది వంద శాతం కరెక్ట్. మాది దేవీపట్నం వైపు. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు ఆ వారమంతా మా ఊళ్లో ఎవరింట్లోనూ అన్నం సహించలేదు. అండమాన్‌లోనూ 2014 రిపబ్లిక్ డే నాడు రాస్, నార్త్ బే మధ్య టూరిస్టు బోటు మునిగి ఇరవై మందికి పైగా పోయారు. మోయాల్సిన దానికంటే ఎక్కువమందిని ఎక్కించారు. ఇరవై నిమిషాలే కదా అనే మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది.

పిల్లాడికి పిల్లల సైజు జాకెట్ ఉందా అని ముందే అడగండి. పెద్దల జాకెట్ వేస్తే నీళ్లలో పడగానే అది పైకి, పిల్లాడు కిందికి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వచ్చేసిందంటే అది వాడి సైజు కాదు.

నిద్రమొహం

ఇవన్నీ చదివాక నాకు బోటు వద్దు, హోటల్ కిటికీలోంచి సముద్రం చాలు 😴

నీలిచేప

@నిద్రమొహం లేవండి, సూర్యుడు అక్కడ మీకంటే చురుకు. మన గడియారమే వాడతారు కానీ ఊరు కలకత్తా కంటే తూర్పున ఉంది. ఫిబ్రవరిలో సాయంత్రం ఐదున్నరకే చీకటి మొదలు. అందుకే బోట్లన్నీ పొద్దున్నే బయల్దేరి మూడు గంటలకల్లా తిరుగుముఖం పడతాయి. పదింటికి టిఫిన్ చేసి వెళ్దాం అంటే కుదరదు.

స్నార్కెలింగ్ (మాస్క్, గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కింద చేపల్ని చూడటం) గురించి ఆడవాళ్లకి కొన్ని మాటలు, ఎందుకంటే ఏజెంట్లు చెప్పరు. చుడీదార్ నీళ్లలో బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది. ఫుల్ హ్యాండ్స్ టీ షర్టు, లెగ్గింగ్స్ మేలు, ఎండ దెబ్బా తగలదు. బోర్లా తేలుతాం కాబట్టి కాలేది మొహం కాదు, పిక్కలూ మెడ వెనకా. నేను వీపుకి క్రీమ్ రాసుకుని పిక్కలు మర్చిపోయా, రెండు రోజులు మెట్లు దిగలేకపోయా. బట్ట కప్పుకుంటే క్రీమూ తక్కువ పడుతుంది. కొన్ని సన్‌స్క్రీన్లలోని రసాయనాలు పగడాలకి మంచివి కావు.

కళ్లజోడుతో మాస్క్ పట్టదు. పవర్ మాస్కులు దొరుకుతాయి, మైనస్ నంబర్ ఉన్నవాళ్లు ముందే ఫోన్ చేసి అడగండి. మగవాళ్లకి మీసం దట్టంగా ఉంటే మాస్క్‌లోకి నీళ్లు కారతాయి. మా ఆయన మీసం తియ్యనన్నాడు, ఉప్పునీళ్లు తాగాడు. మాస్క్ మసకబారకుండా గైడు దాంట్లో ఉమ్మేసి రుద్దుతాడు, మొహం చిట్లించకండి, అందరూ చేసేది అదే.

రంగుల గురించి ఆశలు కాస్త తగ్గించుకోండి.

సిక్కోలు జంగ్లీఘాట్

నీలిచేప గారు చివర్లో అన్నది నిజం. 2010లో నీళ్లు వేడెక్కి ఇక్కడ పగడాలు చాలా చోట్ల తెల్లబోయాయి. పగడం లోపల కంటికి కనిపించనంత చిన్న నాచు లాంటిది ఉంటుంది. పగడానికి రంగూ, తిండిలో పెద్ద వాటా అదే ఇస్తుంది. నీళ్లు మరీ వేడెక్కితే పగడం దాన్ని బయటికి నెట్టేసుకుని ఎముకలా మిగులుతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చచ్చిపోతుంది. గ్లాస్ బాటమ్ బోటులోంచి బూడిద రంగు రాళ్లలా కనిపించేవి చాలావరకు అవే. చేపలు మాత్రం బోలెడు.

ఒడ్డున దొరికిన పగడం ముక్కా, శంఖమూ జేబులో వేసుకోవద్దు. చచ్చినదే కదా అంటారు. పగడం చచ్చినదైనా వన్యప్రాణి చట్టం కిందే వస్తుంది. ఎయిర్‌పోర్టు స్కానర్‌లో దొరికితే పిల్లాడి ముందు తల వంచుకోవాలి.

వండూర్‌లో బోటు దిగాక అక్కడే బీచ్‌లో ఈతకి దిగుదాం అనుకోకండి. మొసలి బోర్డులు ఉత్తుత్తి అలంకారం కాదు. ఇక్కడి ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల్లో ఉంటాయి, సముద్రంలోనూ ఈదుతాయి. వల కట్టిన చోటు ఉంటే దాని లోపలే దిగండి.

కొత్తపేట కుర్రోడు

అన్నా, ధన్యవాదాలు. బోటు మాట్లాడేటప్పుడు అసలు ఏం అడగాలి? నాకు బేరం తప్ప ఏమీ తెలియదు.

సిక్కోలు జంగ్లీఘాట్

బేరం ఆఖర్న. ముందు సరంగుతో, అంటే బోటు నడిపేవాడితో మాట్లాడు, ఏజెంటుతో కాదు. రేపు పోటు (నీళ్లు ఒడ్డుకి ఎక్కడం) ఎప్పుడు, పాటు (వెనక్కి తగ్గడం) ఎప్పుడు అని అడుగు. వెంటనే చెప్పాడంటే పని తెలిసినవాడు. పాటులో వెళ్తే బోటు ఒడ్డుకి దూరంగా ఆగిపోతుంది, మీ అమ్మగారు మోకాళ్ల లోతు నీళ్లలో పగడపు రాళ్ల మీద నడవాలి. పోటు మీద ఉండగా వెళ్తే ముక్కు ఇసుకకి ఆనిస్తాడు. అమావాస్యకీ పౌర్ణమికీ ఈ తేడా ఇంకా ఎక్కువ. అలాగే నిచ్చెన ఉందా అని అడుగు, చిన్న బోట్లలో చాలావాటికి ఉండదు. ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టమను, పెడతారు.

ఫిబ్రవరి మంచిదే. డిసెంబర్, జనవరిలో ఈశాన్య గాలికి హేవ్‌లాక్ దారి కొంచెం ఎగురుతుంది, ఫిబ్రవరి నుంచి సముద్రం సర్దుకుంటుంది. అమ్మగారిని బోటు వెనక, మధ్యలో కూర్చోబెట్టు. ముందు కూర్చుంటే ఫొటోలు బాగా వస్తాయి, నడుం పోతుంది.

ఉప్పుగాలి

వాంతుల మాత్ర గురించి ఎవరూ చెప్పలేదు. అవోమిన్ లాంటిది బోటెక్కాక వేసుకుంటే దండగ, ముందే పడాలి. నిద్ర మత్తు వస్తుంది. పెద్దావిడ బీపీ మందులు వాడుతుంటే డాక్టర్ని అడిగి ఇవ్వండి. ఖాళీ కడుపూ వద్దు, నెయ్యి పెసరట్టూ వద్దు. రెండు ఇడ్లీలు.

పడమటి పల్లె

టాపిక్ కొంచెం తప్పుతున్నా. నిజంగా చిన్న బోటు, తక్కువ జనం కావాలంటే డిగ్లీపూర్ వెళ్లండి. అక్కడ ఏరియల్ బే జెట్టీ నుంచి రాస్ అండ్ స్మిత్ దీవులకి చిన్న బోట్లే. అరగంటలో చేరతారు. ఈ రాస్, పోర్ట్ బ్లెయిర్ రాస్ వేరు. రెండు దీవుల మధ్య ఇసుక దారి, పాటులో తేలుతుంది, పోటులో మునుగుతుంది. మేం వెళ్లిన రోజు మాతో కలిపి తొమ్మిది మందిమి. కానీ పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద పది పన్నెండు గంటలు, మధ్యలో జారవా గిరిజనుల రిజర్వ్ అడవి, అందులో బళ్లన్నీ కాన్వాయ్‌గా కలిసే వెళ్లాలి. మోకాళ్ల నొప్పితో, ఏడేళ్ల పిల్లాడితో ఐదు రోజుల ట్రిప్‌లో ఇది పెట్టుకోకండి. మళ్లీసారికి దాచుకోండి.

కొత్తపేట కుర్రోడు

వెళ్లొచ్చాం! అడిగి మాయమయ్యాడని తిట్టుకుంటారని రాస్తున్నా.

రెండూ చేశాం. మొదట జాలీ బోయ్. వండూర్‌లో సంచులు విప్పమన్నారు. మా అమ్మ తెల్లవారుజామున హోటల్ వాళ్లని బతిమాలి వండించుకున్న పులిహోర, ఐదు కవర్లలో కట్టి పెట్టింది. నేను ఇక్కడ చదివింది ఇంట్లో చెప్పడం మర్చిపోయా. మా ఆవిడ నన్ను చూసిన చూపు మొసలి కంటే భయం. పక్కనున్న బెంగాలీ కుటుంబం వాళ్ల స్టీల్ డబ్బాలో సగం ఖాళీ చేసి ఇచ్చారు. పులిహోర, వాళ్ల లూచీ కలిపి అందరం తిన్నాం.

బోటు మారేటప్పుడు ఉప్పుగాలి గారు చెప్పినట్టే అయింది. అమ్మ ఒక కాలు అటు పెట్టింది, ఇంకో కాలు ఇటు ఉండిపోయింది, బోట్లు విడిపోతున్నాయి. ఇద్దరు కుర్రాళ్లు చెరో రెక్క పట్టుకుని గాల్లోకి లేపి అవతల పెట్టేశారు. ఆవిడ "ఓరి నాయనో" అన్న కేక తెలుగులో వినగానే ఒక కుర్రాడు "ఏం కాదు పిన్నీ" అన్నాడు. వాళ్ల అమ్మగారిది పలాస అట. గ్లాస్ బాటమ్‌లో బూడిద పగడాలే ఎక్కువ. కానీ ఒక పెద్ద చిలక చేప పగడాన్ని కొరుకుతుంటే ఆ టక్ టక్ శబ్దం నీళ్లలో తల పెడితే నిజంగా వినిపిస్తుంది. బాబు ఇప్పటికీ పళ్లు కొరుకుతూ అదే చేస్తున్నాడు.

హేవ్‌లాక్‌లో పోటు పాటు అని అడిగాను. మొదటి సరంగు ఏజెంటు మొహం చూశాడు. రెండో ఆయన "పదింటికి నిండుతుంది, ఎనిమిదిన్నరకి రండి" అన్నాడు. ఆయన బోటే మాట్లాడుకున్నాం. మేం ఆరుగురం, ఇంకో ఇద్దరు. జాకెట్లు పది, పిల్లలది ఒకటి. స్టూలు కూడా పెట్టాడు. కొంచెం ఎక్కువే తీసుకున్నాడు, అడిగినంత ఇచ్చేశా.

అమ్మ నీళ్లలోకి దిగనంది. ఒడ్డున కూర్చుంది. గంట తర్వాత చూస్తే టైరు ట్యూబు పట్టుకుని నడుం లోతులో నిలబడి, తల వంచి చేపల్ని చూస్తోంది. ఎవరు దింపారో తెలియదు.

మిరపకాయ బజ్జీ

సూపర్! ఆ రెండో సరంగు నంబర్ పర్సనల్ మెసేజ్‌లో పెట్టండి, ఏప్రిల్‌లో మా అత్తగారు వాళ్లు వెళ్తున్నారు.

నిద్రమొహం

అదంతా సరే, ఆ బెంగాలీ వాళ్ల స్టీల్ డబ్బా తిరిగిచ్చారా?

కొత్తపేట కుర్రోడు

...మా వంటింట్లో ఉంది. బెల్లం పెట్టుకున్నాం.