బేలో తిరిగే 30 అడుగుల సెయిల్‌బోట్‌కి హ్యాండ్‌హెల్డ్ వీహెచ్‌ఎఫ్ రేడియో చాలదా?

అలమీడా_తెరచాప:
అందరికీ నమస్కారం. ఈమధ్య 30 అడుగుల పాత సెయిల్‌బోట్ కొన్నాను. అందులోని వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవలు మాట్లాడుకునేది) డీఎస్సీ, అంటే బటన్ నొక్కితే ఆపద సందేశాన్ని డిజిటల్‌గా పంపే ఏర్పాటు, రాకముందుది. మనం మాట్లాడితే అవతలివాళ్లకి గరగరే వినిపిస్తోంది. మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) లోపలి యాంటెన్నా కేబుల్ కూడా ఆ కాలానిదే. అదంతా పీకి కొత్తది వేయడం పెద్ద పని. ఎక్కువగా శాన్‌ఫ్రాన్సిస్కో బేలోనే తిరుగుతాను, ఈ వేసవిలో బయట సముద్రం మీదుగా హాఫ్ మూన్ బే దాకా వెళ్లాలని ఉంది. జీపీఎస్, డీఎస్సీ ఉండి నీళ్లలో తేలే, చేత్తో పట్టుకునే హ్యాండ్‌హెల్డ్ ఒకటి కొనుక్కుంటే సరిపోదా?

గాలివాటం:
సరిపోతుందండి. అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్లు పడవల ఆపద పిలుపులు వినడానికి పెట్టిన రెస్క్యూ 21 వ్యవస్థని ఎలా కట్టారో చూడండి. నీటికి 2 మీటర్ల ఎత్తున్న యాంటెన్నా నుంచి ఒక్క వాట్‌తో మాట్లాడినా 20 నాటికల్ మైళ్ల దూరంలో వినపడాలన్నది దాని లెక్క. హ్యాండ్‌హెల్డ్‌లో 5, 6 వాట్లు ఉంటాయి. పైగా మాస్ట్ విరిగినా, బ్యాటరీ మునిగినా అది మన లైఫ్‌జాకెట్‌కే ఉంటుంది. నీళ్లలో పడ్డవాడికి క్యాబిన్‌లో బిగించిన రేడియో ఎందుకు పనికొస్తుంది?

బర్క్‌లీ_రేవు:
గాలివాటం గారూ, కోస్ట్ గార్డ్‌కి వినపడితే చాలు అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. వాళ్ల టవర్లు కొండల మీద ఉంటాయి కాబట్టి వింటారు. కానీ ఈ చల్లటి నీళ్లలో మనల్ని ముందుగా చేరుకోగలిగేది చాలాసార్లు పక్కనున్న పడవే. ఆ పడవకి వినపడాలి. వీహెచ్‌ఎఫ్ దాదాపు చూపు ఆనినంత దూరమే వెళ్తుంది. యాంటెన్నా ఎత్తుని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.2తో గుణిస్తే దూరం నాటికల్ మైళ్లలో వస్తుంది. రెండు పడవల లెక్కలూ కలపాలి. చేతిలో రేడియో 2 మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 3 మైళ్లు, 12 మీటర్ల మాస్ట్ కొన మీదుంటే ఏడున్నర. అంటే ఇద్దరి దగ్గరా హ్యాండ్‌హెల్డే ఉంటే 6 మైళ్లు, ఇద్దరికీ మాస్ట్ మీద యాంటెన్నా ఉంటే 15.

వినడం సంగతి కూడా చూడండి. జులై, ఆగస్టుల్లో గోల్డెన్ గేట్ కింద పొగమంచు కమ్మినప్పుడు ఓక్లాండ్ వచ్చే కంటైనర్ నౌకలు ఎక్కడున్నాయో ఛానల్ 14లో నౌకల ట్రాఫిక్ చూసుకునేవాళ్లతో చెప్తుంటాయి. అది తెరిపి లేకుండా వినాలి. మధ్యలో చార్జింగ్ అయిపోతే మళ్లీ టెన్షన్.

సోల్డరింగ్_సూరి:
రేడియో ఏ బ్రాండ్ అని అందరూ అడుగుతారు గానీ, అసలు నష్టం కేబుల్ దగ్గర జరుగుతుంది. ఐకామ్ అయినా స్టాండర్డ్ హొరైజన్ అయినా గరిష్ఠం 25 వాట్లే, చట్టం అంతకుమించి ఒప్పుకోదు. ఆర్‌జీ-8ఎక్స్ కేబుల్ 20 మీటర్లు వేస్తే అందులో దాదాపు సగం దారిలోనే పోతుంది. ఎల్‌ఎంఆర్-400 వేస్తే పోయేది ఐదో వంతు. అది లావుగా, బిరుసుగా ఉంటుంది, మాస్ట్ లోపల తోయడం కష్టమే. అయినా నేను అదే వేయమంటాను.

యాంటెన్నా 3 డీబీ గెయిన్‌దే (సిగ్నల్‌ని అడ్డంగా ఎంత కుదిస్తుందో చెప్పే లెక్క) తీసుకోండి. 6 డీబీది సిగ్నల్‌ని పల్చటి పళ్లెంలా పరుస్తుంది. పడవ ఒరిగితే సగం నీళ్లలోకి, సగం ఆకాశంలోకి పోతుంది.

మాస్ట్ అడుగున జాయింట్ దగ్గరే నీరు చేరుతుంది. అక్కడ కేబుల్‌ని కిందికి వంచి చుక్క జారేలా వదలాలి, కనెక్టర్ చుట్టూ తనలో తానే అతుక్కునే రబ్బరు టేపు బిగువుగా చుట్టాలి. మాట్లాడేటప్పుడు రేడియో 5, 6 ఆంపియర్లు లాగుతుంది, సన్నటి తీగ వేస్తే వోల్టేజీ పడిపోతుంది. స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి కంపాస్‌కి మీటరు దూరంలో బిగించండి.

గాలివాటం:
ఇంత ఖర్చూ శ్రమా దేనికి సూరి గారూ? వెనక రెయిలింగ్ మీద 3 మీటర్ల ఎత్తులో యాంటెన్నా పెడితే కేబుల్ పొట్టిది, మాస్ట్ పోయినా అది ఉంటుంది.

సోల్డరింగ్_సూరి:
ఉంటుంది, కాదనను. కానీ బర్క్‌లీ గారి లెక్క ప్రకారం దానికి వచ్చేది నాలుగు మైళ్లకి లోపే. వాట్లు సగమైనా మాటకి పెద్ద నష్టం ఉండదు, ఎత్తు పోతే మాత్రం తిరిగి రాదు. రెయిలింగ్ యాంటెన్నా రెండోదిగా పెట్టుకోండి, మాస్ట్ పోతే రేడియోకి దాని కేబుల్ తగిలించుకోవచ్చు.

అలమీడా_తెరచాప:
ఫిక్స్‌డ్ రేడియో, మాస్ట్ మీద యాంటెన్నా వేయిస్తాను. హ్యాండ్‌హెల్డ్ కూడా కొంటాను, గాలివాటం గారి లైఫ్‌జాకెట్ మాట కొట్టిపారేసేది కాదు. డీఎస్సీకి కావాల్సిన ఎంఎంఎస్‌ఐ నంబర్ (పడవని గుర్తించే నంబర్) బోట్‌యూఎస్ అనే పడవ యజమానుల సంఘం దగ్గర తీసుకోవచ్చా?

బర్క్‌లీ_రేవు:
అమెరికా నీళ్లు దాటకపోతే తీసుకోండి. మెక్సికో వెళ్లే ఆలోచన ఉంటే మొదటే ఎఫ్‌సీసీ (అమెరికా ప్రభుత్వ రేడియో నియంత్రణ సంస్థ) లైసెన్స్‌తో తీసుకోవాలి, బోట్‌యూఎస్ నంబర్ల వివరాలు అంతర్జాతీయ జాబితాలోకి వెళ్లవు. ఆ 9 అంకెలూ రేడియోలో కొట్టేముందు రెండుసార్లు చూసుకోండి, చాలా రేడియోల్లో తర్వాత మనంతట మనం మార్చుకోలేం. నంబర్ వేయకపోతే ఆపదలో నొక్కే ఎర్ర బటన్ నొక్కినా ప్రయోజనం లేదు. బిగించాక ఆపద పిలుపుల ఛానల్ 16లో రేడియో చెక్ (నా మాట వినిపిస్తోందా అని) అడగొద్దు. కోస్ట్ గార్డ్ నంబర్ 003669999కి డీఎస్సీ టెస్ట్ కాల్ పెట్టండి, అదే జవాబిస్తుంది.