కొవిడ్‌లో ఊరికొచ్చినవాళ్ల వల్ల బెజవాడ, గుంటూరు రేట్లు పెరిగాయన్న మాట నమ్మి ఫ్లాట్ కొనొచ్చా?

కానూరు రోడ్డు (ప్రశ్న)

2020లో హైదరాబాద్, బెంగళూరు ఖాళీ చేసి వచ్చినవాళ్ల గిరాకీతో ఇక్కడ రేట్లు పెరిగాయనీ, ఇక దిగవనీ బ్రోకర్లు చెప్తున్నారు. పోరంకిలో ఒక రీసేల్ ఫ్లాట్ చూశాం. కింద పార్కింగ్, పైన 5 అంతస్తులు, అంతస్తుకి 3 ఫ్లాట్లు, స్థలం 600 గజాలు. డబుల్ బెడ్‌రూమ్, 1,000 అడుగులంటున్నారు. అడుగుతున్నది 52 లక్షలు. ఓనరు 2021లో పోయారు, వీలునామా లేదు. భార్య, కొడుకు ఇక్కడే ఉన్నారు, కూతురు అమెరికాలో. బ్రోకరేమో "కొడుకు సంతకం చాలు" అంటున్నాడు.

ఆ గిరాకీ నిజంగా ఉందా, ఉంటే ఇప్పటికీ ఉందా? ధర సబబేనా? కాగితాల్లో ఏం చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

గజం లెక్క (జవాబు)

గిరాకీ నిజమే, కానీ వచ్చింది అద్దెలకి. అమ్మకాలకి కాదు. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టాక మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. వచ్చిన పిల్లలు ముందు అమ్మానాన్నల ఇంట్లోనే ఉన్నారు. ఏడాది గడిచాక, పెళ్లైనవాళ్లు మాత్రం పని చేసుకోవడానికి ఒక గది ఎక్కువ ఉండే ఇల్లు అద్దెకి వెతికారు. కంపెనీలు మళ్లీ పిలిచేసరికి వెళ్లిపోయారు. టీసీఎస్ అయితే 2023 అక్టోబరు 1 నుంచి వారానికి 5 రోజులూ ఆఫీసుకి రమ్మంది.

పెద్ద ఊళ్లు వదిలినవాళ్లు ఎటు వెళ్లారన్నది అమెరికాలో బాగా లెక్కలు తీశారు. నికొలస్ బ్లూమ్, అర్జున్ రామాని అనే ఆర్థికవేత్తలు 2021లో చెప్పిందేమిటంటే, ఎక్కువమంది దూరపు చిన్న ఊళ్లకి పోలేదు, నడిబొడ్డు వదిలి అదే నగరం చుట్టూ ఉన్న శివార్లకి జరిగారు. వారానికి రెండు మూడు రోజులైనా ఆఫీసుకి వెళ్లాలి కదా, కారణం అదే. మనకీ అంతే. పెద్ద ఫ్లాట్ కావాలనుకున్న హైదరాబాద్ ఉద్యోగి ఆ ఊరి శివార్లలోని కొల్లూరు, తెల్లాపూర్ వైపు కొన్నాడు. 270 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెజవాడ నుంచి వారం వారం తిరగడం కుదరదు.

మరి ఇక్కడ రేట్లెందుకు పెరిగాయంటే వేరే మూడు కారణాలున్నాయి. మొదటిది వడ్డీ. 2020 మేలో రిజర్వు బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీ) 4 శాతానికి తెచ్చింది, 2022 మే దాకా అక్కడే ఉంది. 40 లక్షల అప్పు 20 ఏళ్లకి 6.75 శాతం వడ్డీతో తీసుకుంటే ఈఎంఐ దాదాపు 30,400. అదే 9 శాతమైతే 36,000. నెలకి 5,600 తేడా పడేసరికి, అద్దెకుందామనుకున్నవాళ్లు కూడా కొనడానికి దిగారు. రెండోది ఇల్లు కట్టే సామాను ధర. స్టీలు ఎంత మండిందంటే 2022 మేలో కేంద్రం ఎగుమతులపై 15 శాతం సుంకం వేయాల్సి వచ్చింది. మూడోది, అన్నిటికన్నా పెద్దది, రాజధాని. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఇక్కడ భూమి అమ్మకాలు పడుకున్నాయి, 2024 జూన్ తర్వాత లేచాయి. కొవిడ్ సరిగ్గా ఆ పడుకున్న కాలంలో వచ్చింది. అందుకే 2020 ధర పక్కన ఇప్పటి ధర పెట్టి "ఇదంతా వర్క్ ఫ్రమ్ హోమ్ వల్లే" అనేది తప్పు లెక్క.

ధర విషయానికొద్దాం. 600 గజాలు 15 ఫ్లాట్లకి సమానంగా పంచితే మీ వాటా 40 గజాలు. అక్కడ గజం 50 వేలనుకోండి (అసలు రేటు మీరే కనుక్కోవాలి, పక్క వీధిలో ఈ ఏడాది జరిగిన అమ్మకాన్ని బట్టి). స్థలం విలువ 20 లక్షలు. మిగతా 32 లక్షలు కట్టడానికి ఇస్తున్నట్టు, అంటే అడుగుకి 3,200. ఇవాళ కొత్తగా కడితే అడుగుకి ఎంతవుతుందో ఇద్దరు మేస్త్రీలని అడిగి, బిల్డింగు వయసుకి కొంత తగ్గించి చూడండి. అద్దె వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి: 13,000 అద్దె వస్తే ఏడాదికి 1.56 లక్షలు, 52 లక్షల మీద 3 శాతం. ఇంటి పన్ను, మెయింటెనెన్సు, ఒక నెల ఖాళీ తీసేస్తే ఇంకా తక్కువ. ఉండటానికి కొంటే సరే, అద్దె మీద ఆశతో అయితే వద్దు.

లింకు డాక్యుమెంట్

కొడుకు సంతకం ఒక్కటీ ఎంతమాత్రం చాలదు. ఇది సొంతంగా కొన్న ఆస్తి, వీలునామా లేదు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ కొడుక్కీ కూతురికీ సమాన వాటా. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది: చనిపోయిన మనిషి తల్లి. కొడుకు పోయేనాటికి తల్లి బతికుంటే ఆవిడకీ వాళ్లతో సమానంగా వాటా వస్తుంది. కొవిడ్‌లో నలభైల్లో, యాభైల్లో పోయినవాళ్ల ఆస్తులన్నిట్లో ఇది చూడాల్సిందే. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు లేకపోయినంత మాత్రాన ఆవిడ హక్కు పోదు.

అమెరికాలో ఉన్న అమ్మాయి రాలేకపోతే కాన్సులేట్‌లో సంతకం పెట్టి జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం) పంపుతుంది. అది ఇండియాకి చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. అంతర్జాతీయ విమానాలు ఆగిన 2020-22 కాలంలో ఇలాంటి జీపీఏలు చాలా తయారయ్యాయి. స్టాంపు పడకుండా బీరువాలో ఉన్న పాత కాగితం తెచ్చి ఇస్తే ఒప్పుకోకండి, కొత్తది చేయించండి. రిజిస్ట్రేషన్ రోజున ఆ అమ్మాయితో వీడియో కాల్‌లో మాట్లాడండి. ఇచ్చినవాళ్లు బతికుంటేనే జీపీఏ చెల్లుతుంది.

టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే కోసి కట్టే పన్ను) దగ్గర ఇంకో చిక్కు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఇక్కడున్న అమ్మకందార్ల వాటా మీద 1 శాతం మీరు కోసి కట్టాలి. ఎన్నారై అమ్మాయి వాటాకి ఆ 1 శాతం వర్తించదు, అంతకన్నా చాలా ఎక్కువ కోయాలి. కోయకపోతే పన్ను శాఖ పట్టుకునేది కొన్నవాళ్లనే. అగ్రిమెంటు రాసేముందే ఆడిటర్‌తో మాట్లాడండి.

ఇక బిల్డింగు. డెవలప్‌మెంట్‌కి ఇచ్చిన స్థలమైతే, స్థలం ఓనరుకీ బిల్డరుకీ ఏయే ఫ్లాట్లు వచ్చాయో రాసుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంటు అడగండి. ఫ్లాటు ఎవరి వాటాలోదో వాళ్లే మొదటి అమ్మకం చేసి ఉండాలి. ఇంకొకటి: ప్లాన్ ఇచ్చేటప్పుడు బిల్టప్ ఏరియాలో 10 శాతం మునిసిపాలిటీకి మార్టుగేజ్ పెట్టించుకుంటారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే కాగితం) వచ్చాకే విడుదల చేస్తారు. సాధారణంగా మొదటి, రెండో అంతస్తు ఫ్లాటే అందులో పోతుంది. ఓసీ లేదంటే మీరు చూసిందే ఆ మార్టుగేజ్ ఫ్లాటేమో అడగండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఫ్లాట్ నంబరుతో ఒకటి, స్థలం సర్వే నంబరుతో ఒకటి, రెండూ తీయండి. 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) సర్వే నంబరు ఉందేమో కూడా చూడండి.

చేతిలో ఉండాల్సిన డబ్బు: స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 52 లక్షల మీద 3.9 లక్షలు. బ్యాంకు 80 శాతానికి మించి ఇవ్వదు, అంటే 41.6 లక్షలు. మీ చేతి నుంచి కనీసం 14.3 లక్షలు పెట్టుకోవాలి.

కానూరు రోడ్డు

చాలా సంతోషం అండీ. తల్లిగారి సంగతి కనుక్కుంటాను. ఈలోగా గుంటూరులో గోరంట్ల వైపు కూడా ఒకటి చూద్దామనుకుంటున్నాం. బిల్డింగు చూడటానికి వెళ్లినప్పుడు ఏం పరీక్షించాలి?

నల్లరేగడి

టేపు తీసుకెళ్లండి. 1,000 అడుగులంటే సూపర్ బిల్టప్, అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్ అన్నీ కలుపుతారు. గది లోపల గోడ నుంచి గోడకి కొలవండి. ఉదాహరణకి హాలు 20×11 అంటే 220, వంటగది 9×8 అంటే 72, పడకగదులు 12×11, 11×10, కలిపి 242, రెండు బాత్‌రూములు 72, పూజగది 16. అంతా కూడితే 622. లోపలి గోడల మందం, నడవా కలిపినా 670కి అటూ ఇటూ. 52 లక్షలని 670తో భాగించి చూస్తే అడుగు 7,760 పడుతుంది. ఆ అంకె పట్టుకుని బేరమాడండి.

గుంటూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బిగుసుకుని బీటలు వారుతుంది. పునాది గట్టి నేల దాకా దిగకపోతే ముందు చెప్పేది కాంపౌండ్ గోడే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే బీట కనిపిస్తే అందులో పోస్ట్‌కార్డు అంచు పెట్టి చూడండి. దూరిందంటే అది ఒట్టి ప్లాస్టర్ బీట కాకపోవచ్చు, ఇంజినీర్‌ని తీసుకెళ్లాలి. వెంట్రుక మందం బీటకి భయపడక్కర్లేదు. వేసవి చివర్లో చూడటం మంచిది, నేల బాగా కుంచించుకుని ఉన్నప్పుడు దాగేదేమీ ఉండదు.

నీళ్లు: గుంటూరుకి కృష్ణా నీళ్లు తక్కెళ్లపాడు నుంచి వస్తాయి. శివారు అపార్ట్‌మెంటుకి మునిసిపల్ కనెక్షన్ ఉందో, బోరు మీదే నడుస్తుందో వాచ్‌మన్‌ని అడగండి. కుళాయి మొదట్లో తెల్లగా పేరుకుని ఉంటే ఉప్పు నీళ్లు, గీజర్లు ఎక్కువ కాలం రావు.

బెజవాడ వైపు చూస్తే వరద ముఖ్యం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక మునిగాయి.  అటువైపు బిల్డింగు అయితే పార్కింగ్‌లో గోడకి కొత్త రంగు ఎక్కడిదాకా వేశారో చూడండి. నడుం ఎత్తు దాకా మాత్రమే కొత్తగా ఉంటే నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే. మీటర్ల బోర్డు కింది స్క్రూలు తుప్పు పట్టాయా, లిఫ్టు గుంతలో బురద చార ఉందా చూడండి. పోరంకి బుడమేరు దారిలో లేదు, కానీ వానకి వీధిలో నీళ్లు ఎన్ని గంటలు నిలుస్తాయో ఎదురు కిరాణా కొట్టువాళ్లు చెప్తారు.

కానూరు రోడ్డు

కనుక్కున్నాను. ఓనరుగారి తల్లి 2023 దాకా ఉన్నారట. ఆవిడకి ఇంకో కొడుకు, ఒక కూతురు కూడా ఉన్నారు. తండ్రిగారు ముందే పోయారు. ఇప్పుడేం చేయాలి?

లింకు డాక్యుమెంట్

2021లో ఫ్లాటు నాలుగు భాగాలైంది: భార్య, కొడుకు, కూతురు, తల్లి. 2023లో తల్లి పోయాక, ఆవిడ కూడా వీలునామా రాయకపోతే, ఆ పావు వాటా ఆవిడ పిల్లలకి వెళ్తుంది. అంటే ఓనరుగారి తమ్ముడికీ చెల్లెలికీ చెరో పన్నెండో వంతు, పోయిన కొడుకు భాగం మళ్లీ అతని పిల్లలకి. ఆ తమ్ముడు, చెల్లెలు కూడా సేల్ డీడ్‌లో సంతకం పెట్టాలి, లేదా ముందుగా హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి. నోటరీ కాగితం, తెల్ల కాగితం మీద ఒప్పుకోలు పనికిరావు. తల్లి డెత్ సర్టిఫికెట్, ఆవిడ పేరు మీద వేరే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా కావాలి. విడుదల దస్తావేజు ఈసీలో ఎక్కి, మీరు కళ్లారా చూసేదాకా బయానా రూపాయి కూడా ఇవ్వకండి.