టేకు తలుపుల మీద లక్కర్ కారి చారలు కట్టింది, మొత్తం గీకేయాలా?

తిరుచానూరు వాసి:
అందరికీ నమస్తే. మా దేవుడి మందిరానికి టేకు తలుపులు చేయించాం, పైభాగం చెక్కడం పని, కింద సాదా పలక. స్టెయిన్ (చెక్కకి రంగు) వేసి, సీలర్ (చెక్క రంధ్రాలు పూడ్చే పూత) కొట్టి రుద్దాక ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ గ్లాసీ స్ప్రే చేశారు. తలుపులు అప్పటికే బిగించేసి ఉన్నాయి కాబట్టి నిలువుగానే కొట్టారు. రెండో కోటుకి సాదా పలక మీద మూడు నాలుగు చోట్ల కారింది, కింది అంచున చుక్కలు వేలాడి అలాగే గట్టిపడ్డాయి. కొట్టింది నిన్నే. పైకి ఆరినట్టే ఉంది గానీ గోరు పెడితే దిగుతోంది. పెయింటరేమో మొత్తం గీకి మళ్లీ మొదటి నుంచి కొట్టాలంటున్నాడు. గృహప్రవేశం దగ్గర పడింది, ఒకటే టెన్షన్. వేరే దారి ఉంటే చెప్పండి.

పాలిష్ పని, రేణిగుంట రోడ్:
మొత్తం గీకే పనే లేదన్నా. గోరు దిగుతోందంటే లోపల ఇంకా పచ్చిగానే ఉంది, ఈరోజు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. పలచటి కోటు అరగంటలో ఆరుతుంది గానీ కారిన చోట మందంగా ఉంటుంది, పైన పొర కట్టి లోపల థిన్నర్ ఇరుక్కుపోతుంది. ఇప్పుడు రుద్దితే ఉండలు కట్టి చిరుగుతుంది, పేపర్ కూడా జామ్ అవుతుంది. రెండు మూడు రోజులు ఆగి మళ్లీ గోరు పెట్టి చూడండి, గుర్తు పడకపోతేనే మొదలుపెట్టండి.

అప్పుడు కూడా నేరుగా ఎమరీ పేపర్ పట్టుకోవద్దు. కొత్త షేవింగ్ బ్లేడు తీసుకుని, అంచుకి రెండు చివర్లా సెల్లో టేపు చుట్టి, మధ్యలో చార వెడల్పు మేరకే వదిలేయండి. బ్లేడుని దాదాపు నిటారుగా పట్టుకుని, నొక్కకుండా మీ వైపు లాగండి. టేపులు పక్కనున్న మంచి లక్కర్ మీద జారుతుంటాయి కాబట్టి బ్లేడు ఉబ్బునే తీస్తుంది, పక్కది తెగదు. సన్నటి పొట్టు రాలుతుంది. పొట్టు ఆగిపోయిందంటే ఉబ్బు టేపు మందానికి దిగినట్టే.

తర్వాత 600 నంబరు వాటర్ పేపర్‌ని (తడిపి వాడే సన్న ఎమరీ) చిన్న చెక్కముక్కకి చుట్టి, తడిపి రుద్దండి. వేళ్లతో రుద్దితే ఉబ్బు అలాగే ఉండి చుట్టూ గుంట పడుతుంది, వెలుతురులో అదే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మధ్యమధ్యలో తుడిచి ఆరనిచ్చి పక్క నుంచి టార్చి వేసి చూడండి: మెరిసే మచ్చ ఉంటే అక్కడ ఇంకా పల్లంగా ఉన్నట్టు, అంతా ఒకేలా మసకగా ఉంటే చదును అయినట్టు. అక్కడితో ఆపేయాలి, ఇంకా రుద్దితే స్టెయిన్ దాకా వెళ్లిపోతుంది, అప్పుడు నిజంగానే పెద్ద పని.

ఆ పైన పలక మొత్తానికి ఒక పలచటి కోటు చాలు. ఎన్‌సీ కాబట్టి కొత్త కోటు పాతదాన్ని కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది, అతుకు కనబడదు.

మాధవమాల దగ్గర:
పైన చెప్పిందంతా కరెక్టే, ఒక్కటి కలుపుతా. కింది అంచు చుక్కలకి బ్లేడు కుదరదు, బాగా గట్టిపడ్డాక పదునైన ఉలి చదునైన వెనక వైపుని తలుపు అంచుకి ఆనించి చుక్క తల కోసేయండి, తర్వాత రుద్దితే చాలు. చెక్కడం లోతుల్లో ఏమైనా నిలిచి ఉంటే చిన్న బ్రష్‌ని థిన్నర్‌లో ముంచి, బాగా పిండి, ఆ చోట మాత్రమే అద్దుతూ పైకి లాగేయండి. గుడ్డతో మాత్రం తుడవొద్దు, చుట్టూ ఉన్నది కూడా లేచిపోతుంది. పీయూ (పాలీయురేథేన్ పాలిష్) కొట్టినవాళ్లు ఇది చేయకండి, గట్టిపడ్డ పీయూ థిన్నర్‌కి కరగదు.

తిరుచానూరు వాసి:
చాలా థ్యాంక్స్, ప్రాణం లేచొచ్చింది. మళ్లీ కొట్టేటప్పుడు కారకుండా ఏం చూసుకోవాలి?

పాలిష్ పని, రేణిగుంట రోడ్:
వీలైతే తలుపు ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టి కొట్టించండి, సగం సమస్య అక్కడే పోతుంది. గన్ ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో, పలకకి ఎదురుగా, ఒకే వేగంతో కదలాలి. పలక బయటే ట్రిగ్గర్ నొక్కి, అవతలి అంచు దాటాకే వదలాలి, ఆగిన చోటే కారుతుంది. ఒక్కో వరస ముందు వరసని సగం కప్పాలి. ఒకేసారి నిండుగా కాకుండా, మధ్యలో ఆరనిస్తూ రెండు పలచటి కోట్లు. వాన పడే రోజు వద్దు, గాలిలో తేమకి తెల్లగా మసకబారుతుంది. మన వైపు నవంబరులో ఇది మామూలే. ఇంకోటి, స్ప్రే చేసేటప్పుడే కాదు, ఆ వాసన పూర్తిగా పోయేదాకా మందిరంలో దీపం, అగరుబత్తి వెలిగించకండి, థిన్నర్ ఆవిరి భగ్గున అంటుకుంటుంది.