గడ్డం గాయం మానింది, పళ్ళు మాత్రం కలవడం లేదు

ప్రశ్న:
పది రోజుల క్రితం మా తమ్ముడు బైకు మీద నుంచి జారి, గడ్డం నేలకు కొట్టుకునేలా పడ్డాడు. తలపై సగం హెల్మెట్ మాత్రమే ఉంది. ఆసుపత్రిలో గడ్డానికి కుట్లు వేసి, తలకు సీటీ స్కాన్ తీసి, మెదడుకు ప్రమాదం లేదని పంపించారు. గాయం మానింది గానీ, నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోవడం లేదు. తెరిచినప్పుడు గడ్డం ఎడమవైపుకు లాగుతోంది. పళ్ళు మునుపటిలా కలవడం లేదు. వాపు తగ్గితే సర్దుకుంటుందని ఇంట్లో అంటున్నారు. ఆగవచ్చా?

సమాధానం (ముఖ, దవడ శస్త్రవైద్యురాలు):
ఆగవద్దండి. కింది దవడ గుర్రపు నాడాలా వంగిన ఎముక కనుక, గడ్డానికి తగిలిన దెబ్బ చెవి ముందున్న కీలు దాకా వెళ్ళి, అక్కడ దవడ ఎముకకే మెడలా ఉండే సన్నని భాగాన్ని విరవవచ్చు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఎడమ కీలు దగ్గర విరిగిందని అనుమానించాలి. తలకు తీసిన స్కాన్‌లో దవడ మొత్తం రాకపోవచ్చు కాబట్టి, ముఖ ఎముకలకు విడిగా సీటీ తీయించండి. పళ్ళు కలవకపోవడం వాపు వల్లనేనని సరిపెట్టుకుంటూ వారాలు గడిపితే ఎముక వంకరగా అతుక్కుంటుంది. అప్పుడు దాన్ని మళ్ళీ విరిచి సరిచేయాల్సి రావచ్చు. ఈ చికిత్స దంత వైద్య కళాశాలల్లో జరుగుతుందని చాలామందికి తెలియదు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి.

సమాధానం (ఇదే గాయం నుంచి కోలుకున్న వ్యక్తి):
నాకు టైటానియం ప్లేట్లు అమర్చి, పై పళ్ళనూ కింది పళ్ళనూ నాలుగు వారాలు తీగలతో కట్టారు. రాగి జావ, వడగట్టిన పప్పుకట్టు, మజ్జిగ, ఇవే ఆహారం. వాంతి వస్తే ఊపిరి ఆడక ప్రమాదం కనుక, తీగలు కత్తిరించే కటింగ్ ప్లేయర్‌ను మంచం పక్కనే ఉంచుకోమన్నారు. ఎక్కడ కత్తిరించాలో మా అమ్మకు ముందే చూపించారు. గడ్డాన్ని కప్పే హెల్మెట్ లేకుండా నేను మళ్ళీ బండి ఎక్కలేదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. కుడివైపు కింది పెదవి మొద్దుబారినట్టుందని కూడా అంటున్నాడు. అది కుట్ల వల్లనా?

సమాధానం (శస్త్రవైద్యురాలు):
కావచ్చు, అయితే ఆ పెదవికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపలి నుంచే వస్తుంది. ఎడమ కీలుతో పాటు కుడివైపు దవడ కూడా విరగడం మేము తరచుగా చూసేదే. పాత స్కాన్ ఫిల్ములతో రేపే తీసుకువెళ్ళండి. అప్పటిదాకా గట్టి పదార్థాలు నమలనివ్వకండి.